నిజామాబాదు జిల్లాలో అడవిపందుల వేట, పంట రక్షణ

నిజామాబాదు జిల్లాలో అటవీ భూములకు, రైతుల పట్టా పొలాలకు నడుమ ఉన్న సరిహద్దుల వెంట అడవిపందులు పంటలకు తీవ్ర నష్టం కలిగిస్తాయి. పగటివేళ ఇవి పొదలలోనో, చెరకు తోటలలోనో దాగి ఉండి, రాత్రి గుంపులుగా పొలాలలో ప్రవేశిస్తాయి. అడవి ప్రభుత్వానిది, పొలం రైతుది; జంతువు మాత్రం రెండింటిలోనూ తిరుగుతుంది. అందువలన దానిని ఎవరు, ఏ అనుమతితో చంపవచ్చుననేది ఈ ప్రాంతపు రైతులకు ముఖ్యమైన ప్రశ్న.

నేపథ్యం

జిల్లాకు ఉత్తరాన గోదావరి, పశ్చిమాన మంజీర ప్రవహిస్తున్నాయి. గోదావరిపై పోచంపాడ్ వద్ద నిర్మించిన శ్రీరాంసాగర్ ప్రాజెక్టుకు 1963 జూలై 26న జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేశాడు. మంజీరపై 1931లో పూర్తయిన నిజాంసాగర్ నీటితో బోధన్ ప్రాంతంలో చెరకు సాగు విస్తరించింది. బోధన్‌లో 1937లో స్థాపించబడిన నిజాం చక్కెర కర్మాగారం 2015లో మూతపడిన తరువాత ఇక్కడ చెరకు విస్తీర్ణం తగ్గింది. వరి, మొక్కజొన్న, పసుపు, ఎర్రజొన్న, సోయా జిల్లాలోని ఇతర పంటలు. సిరికొండ, ఇందల్‌వాయి ప్రాంతాలలో పొలాలకు ఆనుకొని అడవులు ఉన్నాయి.

అడవిపంది శాస్త్రీయ నామం సుస్ స్క్రోఫా. గర్భధారణ కాలం సుమారు నాలుగు నెలలు. ఒక ఈతలో సాధారణంగా నాలుగు నుండి ఆరు పిల్లలు పుడతాయి. వీటిని వేటాడే పులి, రేచుకుక్క వంటి జంతువులు తగ్గిపోవడం, కాలువల వలన ఏడాది పొడవునా పొలంలో ఆహారం దొరకడం వీటి సంఖ్య పెరగడానికి ముఖ్య కారణాలు. తినే పంట కంటే తొక్కి, మూతితో తవ్వి పాడుచేసే పంట ఎక్కువగా ఉంటుంది.

వేట ఒత్తిడి, జంతువు ప్రవర్తన

వేటకు గురయ్యే జంతువు మనుషులు తక్కువగా వచ్చే చోటికి, మనుషులు తిరగని వేళకు తన సంచారాన్ని మార్చుకుంటుంది. అమెరికా పశ్చిమ రాష్ట్రాలలో ఎల్క్ అనే పెద్ద దుప్పి ఇందుకు ఉదాహరణ. వేట కాలం మొదలై ప్రభుత్వ అడవులలో తుపాకుల సందడి పెరగగానే ఈ దుప్పులు పక్కనున్న ప్రైవేటు భూములకు చేరుకుంటాయి. యజమాని అనుమతి లేనిదే వేటగాడు అక్కడ అడుగుపెట్టడానికి వీలులేదు.

అడవిపంది విషయంలో ఆ ఆశ్రయం చెరకు తోట. ఎదిగిన చెరకులో నీడ, తేమ, ఆహారం ఒకే చోట లభిస్తాయి. మనిషి సులభంగా లోపలికి వెళ్ళలేడు. ఒక పొలం నుండి తరిమిన గుంపు పక్క రైతు చెరకులోకి చేరుతుంది. చెరకు నరికే సమయంలో అది మళ్ళీ అడవికో, మరొక పంటలోకో మారుతుంది. కాబట్టి ఒక్క రైతు కాపలా కాస్తే సమస్య స్థలం మారుతుంది కాని తీరదు.

చట్టం

నిజాం పాలనలో పోచారం అడవి పాలకుల వేట స్థలంగా ఉండేది. 1952లో దానిని అభయారణ్యంగా ప్రకటించారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నియంత్రించగా, 1991 సవరణతో లైసెన్సుపై జరిగే వినోద వేట కూడా నిలిచిపోయింది.

ఈ చట్టం పట్టా భూమికి కూడా వర్తిస్తుంది. 39వ సెక్షను ప్రకారం వేటాడబడిన వన్యప్రాణి ప్రభుత్వ ఆస్తి. తన పొలంలో చనిపోయినప్పటికీ దాని మాంసంపై రైతుకు హక్కు లేదు. అయితే నిలిచి ఉన్న పంటకు ప్రమాదకరంగా మారిన జంతువును చంపడానికి 11వ సెక్షను క్రింద ముఖ్య వన్యప్రాణి సంరక్షకుడు లేదా అధికారం పొందిన అధికారి లిఖితపూర్వకంగా అనుమతి ఇవ్వవచ్చును. మొదట మూడవ షెడ్యూలులో ఉన్న అడవిపంది, 2022 సవరణ తరువాత రెండవ షెడ్యూలులో ఉన్నది. శ్రీరాంసాగర్ వెనుక జలాల అంచున తిరిగే కృష్ణజింక మొదటి షెడ్యూలుకు చెందినది కనుక పంట నష్టం కారణంగా దానిని చంపడానికి అనుమతి లభించదు.

62వ సెక్షను క్రింద కేంద్ర ప్రభుత్వం ఒక జంతువును నిర్ణీత ప్రాంతంలో, నిర్ణీత కాలానికి హానికర జంతువుగా ప్రకటించవచ్చును. బీహారులో 2015లోను, ఉత్తరాఖండ్‌లో 2016లోను కొన్ని జిల్లాలలో అడవిపందిని ఇలా ప్రకటించారు.

చట్టవిరుద్ధ పద్ధతులు

ఉచ్చులు, నాటుబాంబులు, పొలం చుట్టూ నేరుగా కరెంటు పారించిన తీగలు చట్టవిరుద్ధమైనవి. వీటిలో కరెంటు తీగ అత్యంత ప్రమాదకరం. రాత్రి నీరు పెట్టడానికి వెళ్ళిన రైతులు, కూలీలు, పశువులు ఇటువంటి తీగలు తగిలి మరణించిన సంఘటనలు తెలంగాణలోని పలు జిల్లాలలో జరిగాయి. పంది కోసం కట్టిన తీగ దానికి తగిలిన మనిషినీ వదలదు.

రక్షణ పద్ధతులు

* మంచెపై కాపలా, డప్పులు, టపాకాయలు: కొంతకాలం ఫలితమిస్తాయి. శబ్దానికి అలవాటుపడిన తరువాత పందులు భయపడవు.
* సౌర కంచె: బ్యాటరీ నుండి క్షణకాలం మాత్రమే విద్యుత్తు వెలువడుతుంది. జంతువు బెదురుతుంది కాని చనిపోదు. కంచె క్రింద గడ్డి పెరిగి తీగకు తగిలితే బలం తగ్గుతుంది.
* సరిహద్దు పంటలు: మొక్కజొన్న చుట్టూ ఆముదం, వేరుశనగ చుట్టూ ముళ్ళున్న కుసుమ కొన్ని వరుసలు వేయడాన్ని రాజేంద్రనగర్‌లోని వ్యవసాయ శాస్త్రవేత్తలు సూచించారు.
* కందకం: అడవి అంచు వెంట పొడవుగా తవ్వినప్పుడే ఉపయోగం.

జంతువు ఒక పొలం నుండి మరొక పొలానికి మారుతుంది కనుక, అడవి అంచున ఉన్న రైతులందరూ కలిసి ఒకే కాలంలో చేపట్టినప్పుడు ఈ పద్ధతులు ఎక్కువ ఫలితమిస్తాయి. పంట నష్టపోయిన రైతు తవ్విన గుర్తులు, అడుగుజాడలు చెరిగిపోకముందే అటవీశాఖకు తెలియజేస్తే పరిహారానికి అవసరమైన తనిఖీ సులభమవుతుంది.

ఇవి కూడా చూడండి

* అడవి పంది
* శ్రీరాంసాగర్ ప్రాజెక్టు
* పోచారం అభయారణ్యం
* వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972