ముందు వెతకాల్సింది సంచిని

గులాబీ కుండీల్లో వేసే ఆముదపు పిండి వాసన కుక్కలకు మహా ఇష్టం. అందులో ఎముకల పొడి కూడా కలిపితే మట్టి తవ్వి మరీ తింటాయి. నూనె తీశాక మిగిలే ఆ పిండిలో రైసిన్ అనే విషం ఉంటుంది. అది నీళ్లలో కరిగే మాంసకృత్తి కాబట్టి ఆముదంలోకి పోదు, పిండిలోనే ఉండిపోతుంది. బాగా వేడిచేస్తే దాని బలం పోతుంది గానీ, మనం కొన్న పిండిని అలా వేడిచేశారో లేదో చూసి చెప్పలేం. సేంద్రియ ఎరువే కదా అని ధీమాగా ఉంటాం. వాంతులు, రక్త విరేచనాలు చాలాసార్లు ఆరు గంటలు దాటాకే మొదలవుతాయి, ఒక్కోసారి మర్నాటికి గానీ బయటపడవు. అప్పటిదాకా కుక్క తోక ఊపుతూనే తిరుగుతుంది.

విషం తిందని తెలియగానే చాలామంది వంటింట్లోకి పరుగెడతారు. ఉప్పునీళ్లు, పాలు, పచ్చిగుడ్డు, ఏది దొరికితే అది తాగించేస్తారు. నా మాట వింటే ముందు పట్టుకోవాల్సింది ఆ మందు సంచిని, ఆ వెంటనే ఫోనును. ఎందుకంటే ఏ విషం దారి దానిదే. ఆర్గానోఫాస్ఫేట్ పురుగుమందైతే చొంగ, వణుకు, ఫిట్స్ కొద్దిసేపట్లోనే రావచ్చు. దానికి అట్రోపిన్ ఉంది. బ్రోమాడియోలోన్ ఎలుకల మందైతే రెండు మూడు రోజులు ఏమీ తెలియదు, తర్వాత లోపల రక్తస్రావం మొదలవుతుంది; దానికి విటమిన్ కె1 వారాల తరబడి ఇవ్వాలి. జింక్ ఫాస్ఫైడ్ కడుపులోని ఆమ్లంతో కలిసి ఫాస్ఫీన్ వాయువు పుట్టిస్తుంది. అన్నం పెడితే ఆమ్లం పెరిగి ఆ వాయువు ఇంకా ఎక్కువవుతుంది. ఆ కుక్క కారులో వాంతి చేసుకుంటే మనకూ ప్రమాదమే, అద్దాలు దించి ఉంచాలి. ఆముదపు పిండికైతే విరుగుడే లేదు. తిన్న గంటా రెండు గంటల్లోపు డాక్టరు వాంతి చేయించి, ఆ తర్వాత సెలైన్ పెట్టి కాచుకోవడమే.

ఆ వాంతేదో మనమే చేయిస్తే సమయం కలిసొస్తుంది కదా అనవచ్చు. కానీ వాంతి కోసం తాగించే ఉప్పు ఎక్కువైతే రక్తంలో సోడియం పెరిగి మెదడు దెబ్బతింటుంది. అది రెండో విషం. కిరోసిన్‌లాంటి ద్రావకంలో కలిపిన మందు తిరిగి పైకొస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఫిట్స్ వస్తున్న కుక్కకు వాంతి చేయించడం మరీ ప్రమాదం. పాలతో బతికిన కుక్క ప్రతి వీధిలోనూ ఉంటుంది నిజమే, కానీ అది తిన్నది కొంచెమే అయ్యుండొచ్చు. పేరు మాత్రం పాలకు దక్కింది.

సంచి వెతుకుతూ కూర్చుంటే ఆలస్యమే అనే మాటలో నిజం ఉంది. అందుకే వెతకడం ఒకరు, బండి తీయడం ఒకరు. మన దేశంలో పురుగుమందుల లేబుల్ మీద రంగు గుర్తు ఉండాలి: ఎరుపు అత్యంత విషపూరితం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. ఆకుపచ్చ అంటే కుక్కకు ఏమీ కాదని అర్థం కాదు. ఆముదపు పిండి ఎరువు గనుక దాని మీద ఆ గుర్తు వెతికినా దొరకదు. ఇక నర్సరీలో కిలో లెక్కన ప్లాస్టిక్ కవర్లో పోసిచ్చిన గుళికలకు పేరే ఉండదు. అప్పుడు ఆ కవరును ముడి వేసి ఉన్నదున్నట్టు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి, దారిలో దుకాణదారుకు ఫోన్ చేసి ఏమిచ్చాడో అడగాలి. ఎంత తిందో, ఎన్నింటికి తిందో, కుక్క బరువెంతో చెప్పగలిగితే డాక్టరుకు మోతాదు అంచనా దొరుకుతుంది.