ఏ నేల మీది ఆకు? – గుంటూరు పత్రి అంగడిలో ఒక దినము

శ్రావణము ముగిసి భాద్రపదము ప్రవేశించునప్పటికి మన గృహిణులందరికిని వృక్షశాస్త్రముతో పని పడును. సంవత్సరమంతయు తులసిని, కరివేపాకును తప్ప వేరొక మొక్కను పలుకరించనివారు సైతము వినాయక చవితికి ముందునాడు సంచి చేతబట్టి 21 పత్రముల కొరకు బజారులో తిరుగుదురు. మాచిపత్రి, వాకుడు, మారేడు, గరిక, ఉమ్మెత్త, రేగు, ఉత్తరేణి, తులసి, మామిడి, గన్నేరు, విష్ణుక్రాంత, దానిమ్మ, దేవదారు, మరువము, వావిలి, జాజి, దేవకాంచనము, జమ్మి, రావి, మద్ది, జిల్లేడు. ఈ పేర్లను వరుసగా చదివిన వైద్యునికి ఇది పూజాద్రవ్యముల పట్టిక వలె కాక ఒక చిన్న ఔషధ నిఘంటువు వలె కనబడును.

అందుచేతనే కాబోలు, చవితి వెళ్ళిన వారములో పాఠకులు నన్ను ప్రతి సంవత్సరము ఒకే ప్రశ్న అడుగుచుందురు. పూజ చేసిన పత్రిని పారవేయుటకు మనసొప్పదు. ఉత్తరేణితో కషాయము కాచుకొనవచ్చునా, వావిలాకుతో నీళ్ళు పోసుకొనవచ్చునా, గరిక రసము పిల్లలకు ఇయ్యవచ్చునా అని. ఆకు గుణము చెప్పుట తేలిక. ఆ ఆకు ఏ నేల మీదనుండి వచ్చినదో తెలియకుండ "వాడుడు" అని చెప్పుట మాత్రము మా గుంటూరు, ప్రకాశం సీమలలో వైద్యునికి తగని పని. ఎందుచేతనో తెలియుటకు నిరుడు మేము చేసిన ఒక దినపు బజారు ప్రయాణమును మీకు చెప్పెదను.

చవితి ముందునాటి ఉదయము మా కోడలు, పొరుగింటి ఇల్లాలు, నా వద్ద చదువుకొనుచున్న శిష్యుడు, నేను, నలుగురము గుంటూరులో కొల్లి శారద కూరగాయల మార్కెట్టు పరిసరములకు వెళ్ళినాము. రోడ్డు పొడవునా గోనెపట్టాలు పరచుకొని పత్రి అమ్మువారు కూర్చున్నారు. వారిలో ఎక్కువమంది పల్లెలనుండి తెల్లవారకముందే బయలుదేరి వచ్చిన కూలిజనము. ఒకామె వద్ద ఉత్తరేణి, గరిక, విష్ణుక్రాంత కంటికి నదురుగా, నిగనిగలాడుచు ఉన్నవి.

"ఎక్కడ కోసినావు తల్లీ?" అని అడిగినాను.

"మా ఊరి చేనిగట్టు మీదేనయ్యగారూ. పత్తిలోది కొంత, మిరప నారుమడి పక్కది కొంత. తెల్లారుజామున కోశా, వాడలేదు చూడండి."

"చేనికి మందు ఎప్పుడు కొట్టినారు?"

"మొన్న కొట్టారయ్యా. దోమ ఎక్కువగా ఉందంట."

నాలుగడుగుల అవతల ఒక ముసలాయన వద్ద ఉన్న పత్రి అంత నదురుగా లేదు. ఆకులు చిన్నవి, అక్కడక్కడ పురుగు కొట్టినవి. కొండవీటి కొండ దిగువ బీటిలో కోసినానని చెప్పినాడు. రెండు చోట్లను కట్ట వెల ఒకటే, 20 రూపాయలు. మా పొరుగింటి ఇల్లాలి చేయి సహజముగానే నిగనిగలాడు కట్ట మీదికి పోయినది. పూజకు మాత్రమే అయినచో నాకును అభ్యంతరము లేదు. లోపలికి పుచ్చుకొను మందుకు అయినచో పురుగు కొట్టిన ఆ చిన్న ఆకులే మేలు. ఆ ఆకును పురుగు తిని బ్రతికినది.

మా ప్రాంతములో "మందు" అను మాటకు రెండు అర్థములు. ఇంట్లో మందు అనిన ఔషధము, చేనులో మందు అనిన విషము. పత్తి, మిరప పండించు నేలలలో రెండవ అర్థమే బలపడినది. 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాలలో పత్తి మీద తెల్లదోమ విజృంభించి, ఎన్ని మందులు కొట్టినను లొంగక, అప్పులపాలైన రైతులు పలువురు ఆత్మహత్యలు చేసికొన్న సంగతి నా ఈడు వారెవ్వరును మరువలేరు. 2002లో బి.టి. పత్తి వచ్చిన తరువాత కాయతొలుచు పురుగుకు కొట్టు మందు తగ్గినది గాని, రసము పీల్చు దోమలకు, పేనుబంకకు, తామరపురుగుకు కొట్టుట మానలేదు. 2021లో నల్ల తామరపురుగు వచ్చి మిరప పూతను మాడ్చివేసినపుడు రైతులు ఒకదాని మీద ఒకటిగా చేతికందిన మందులన్నియు కొట్టి చూచినారు. చవితి వచ్చు కాలము సరిగా పత్తి పూతకు వచ్చు కాలము, మిరప నారు నాటుకొను కాలము. మందు డబ్బాలు గట్ల మీద దొర్లుచుండు దినములలోనే ఆ గట్ల మీది ఆకు మన పూజగదికి వచ్చుచున్నది.

"ఉప్పునీటిలో కడిగిన పోదా మామయ్యగారూ?" అని మా కోడలు అడిగినది. చాలమంది అడుగు ప్రశ్నయే ఇది. పైపైన పడిన దుమ్ము, తుంపరలు కడిగిన కొంతవరకు పోవును. కాని రసము పీల్చు పురుగులకు కొట్టు మందులలో పెక్కు అంతర్వాహిక మందులు. మొక్క వానిని ఆకు ద్వారాను, వేరు ద్వారాను లోనికి తీసికొని రసముతో కలుపుకొనును. దోమ ఆ రసము త్రాగి చచ్చుటయే వాని పని. రసములో కలిసిన దానిని ఉప్పునీరు గాని, పసుపునీరు గాని కడుగజాలదు. ఎండబెట్టినను, కషాయముగా కాచినను పూర్తిగా పోవునని నమ్మరాదు.

ఇంకొక సంగతి. పంటకైతే మందు కొట్టిన తరువాత ఇన్ని దినములు కోయరాదని డబ్బా మీద గడువు వ్రాసి ఉండును. గట్టు మీది కలుపు మొక్కకు అటువంటి గడువు ఎవరును లెక్కించలేదు. విదేశములకు పోవు మిరపకాయలో పురుగుమందు అవశేషములను పరీక్షించుటకు సుగంధద్రవ్యముల బోర్డు వారి ప్రయోగశాల గుంటూరులోనే ఉన్నది. అదే చేని గట్టున పెరిగిన ఉత్తరేణిని పసిపిల్లల తల్లి కాచి త్రాగుటకు ముందు పరీక్షించు వారెవ్వరును లేరు. అమ్మినామెను నిందించుట న్యాయము కాదు. ఆ చేనులో వట్టి చేతులతో కలుపు తీయునది ఆమెయే, అందరికంటె ముందు ఆ మందు తగులునది ఆమెకే. మేము ఆమె వద్ద పూజకు కావలసిన కట్ట కొన్నాము, ముసలాయన వద్ద వావిలి, ఉత్తరేణి విడిగా కొన్నాము.

నేను గురుకులములో చదువుకొను దినములలో మా గురువుగారు మమ్ములను చేల వెంబడి త్రిప్పుచు, మొక్క పేరు కంటె ముందు నేల పేరు అడుగుచుండెడివారు. రేగడియా, గరపయా, చౌడా, నీరు నిలుచునా, పక్కన శ్మశానమున్నదా అని. అప్పుడు అది మాకు విసుగుగా తోచెడిది. సుశ్రుత సంహిత సూత్రస్థానములో ఔషధములు సేకరింపదగిన భూమిని గూర్చి ప్రత్యేకముగా ఒక అధ్యాయమున్నది. గోతులు, రాళ్ళు, పుట్టలు, శ్మశానము, వధ్యస్థలము, ఇసుక వీనిచే చెడని నేల కావలెనని, ఆ నేల మీది మొక్కయు పురుగు, విషము, ఎండ, గాలి, నిప్పు, నీరు మొదలగువానిచే దెబ్బతినక ఉండవలెనని అందులో చెప్పబడినది. పురుగు, విషము అను రెండు మాటలు ఆ పట్టికలో పక్కపక్కనే ఉన్నవి. పత్తి చేను చూచి వ్రాసినారా అనిపించును! మూలికలను గొల్లవారిని, వేటగాండ్రను, అడవిలో తిరుగువారిని అడిగి తెలిసికొనుమని కూడ అచ్చటనే ఉన్నది. అందుచేత అంగడిలో అమ్మువారిని అడుగుటకు సంకోచింపనక్కరలేదు. కోపపడకుండ, బేరము ఆడు స్వరముతో కాకుండ అడిగిన వారు దాచరు.

పత్రి విషయములో నేల ఒకటే కాదు, గుర్తింపు కూడ ముఖ్యము. మాచిపత్రి పేరుతో వయ్యారిభామ కొమ్మలు ఇచ్చుట నేను కన్నులార చూచినాను. ఆకుల చీలికలు చూచుటకు ఒకే విధముగా ఉండును. మాచిపత్రి ఆకు అడుగుభాగము తెల్లని నూగుతో ఉండును, నలిపిన చక్కని పరిమళము వచ్చును. వయ్యారిభామకు ఈ రెండును లేవు. చిన్న చిన్న తెల్లని పూలుండును. దానిని తాకిన కొందరికి చర్మము మీద దద్దుర్లు, దురద పుట్టును, దాని పుప్పొడి ఉబ్బసమును రేపును. దేవదారు హిమాలయములలో పెరుగు వృక్షము. మన మైదానపు అంగడిలో ఆ పేరుతో దొరకు పచ్చికొమ్మ వేరొక చెట్టుది. పూజకు భక్తి చాలును గాని దానిని మందు అనుకొనరాదు.

ఈ 21లో ఉమ్మెత్త, గన్నేరు, జిల్లేడు విషవృక్షములు. శాస్త్రములో వానికి శోధన విధులు ఉన్నవి, అవి ఇంట్లో చేయవలసినవి కావు. ఉమ్మెత్త గింజ గాని, ఆకు గాని పిల్లలు నోట పెట్టినచో నోరెండి, కంటిపాపలు విప్పారి, సంధిమాటలు మాట్లాడుదురు. గన్నేరు గుండె మీద పనిచేయును. జిల్లేడు పాలు కంట పడిన కంటికి హాని. ఇటువంటివి జరిగిన గృహవైద్యములో కాలము గడపక వెంటనే ఆసుపత్రికి తీసికొని పోవలెను. పూజ ముగిసిన పత్రిని పుణ్యమని ఆవుకు పెట్టువారు కలరు. గన్నేరాకు పశువులకు ప్రాణాంతకము. ఆ కట్టను అట్లే గోవు ముందు వేయరాదు. చెరువులోను, బావిలోను కూడ వేయక, పెరటిలో గొయ్యి తీసి పూడ్చిన ఎరువగును.

పది గంటల వేళ పట్నంబజారులోని పచారీ కొట్లకు వెళ్ళినాము. ఎండిన సరుకు గూర్చి ఇచ్చట ఎక్కువ చెప్పను, అది వేరొక వ్యాసమునకు తగినంత ఉన్నది. రెండు మాటలు మాత్రము. పునర్నవ అని అడిగిన కొందరు గలిజేరు ఇత్తురు. పునర్నవ అనగా అటికమామిడి. దానికి గులాబిరంగు చిన్న పూలు గుత్తులుగా వచ్చును, కాయలు జిగటగా బట్టలకు అంటుకొనును. గలిజేరు ఆకు కండగలిగి మందముగా ఉండును, పూవు ఆకు మొదట ఒంటిగా పూచును. ఇది పత్తి, మిరప చేలలో విరివిగా మొలచు కలుపు. కావున ఇచ్చట మొక్క మారుటయే కాక నేల దోషము కూడ తోడగుచున్నది. నేలఉసిరి కొనునపుడు ఆకుల క్రింది కాయలు చూడుడు. చిన్న తొడిమతో నున్నగా ఉన్నచో సరియైనది. కాడ ఎర్రగా ఉండి, తొడిమ లేక గరుకుగా ఉన్న కాయలు వేరొక జాతివి.

మధ్యాహ్నము మంగళగిరి వైపు రహదారి పక్కనున్న నర్సరీలలో గడిచినది. ఇచ్చటి మొక్కలలో చాలవరకు గోదావరి జిల్లాలోని కడియము తోటలనుండి వచ్చును. మా పొరుగింటి ఇల్లాలికి అశోకము కావలెను, స్త్రీల వ్యాధులకు మంచిదని విన్నారు. అశోకమనగానే నర్సరీవాడు నిట్టనిలువుగా పెరిగిన ఒక మొక్కను చూపినాడు. అది నరమామిడి, వీధుల వెంట, కార్యాలయముల ముందు వరుసగా నాటునది. నిజమైన అశోకమునకు ఒకే కాడకు అనేక ఆకులు జంటలుగా ఉండును, లేత చిగురు రాగిరంగున వ్రేలాడుచుండును, నారింజ వన్నె పూలు కొమ్మలకే గుత్తులుగా పూచును. ఎండుచెక్క అంగడిలో కూడ ఈ మారాటము పాతదే. అడుగగా లోపలినుండి నిజమైన అశోకపు మొక్క ఒకటి తెచ్చి ఇచ్చినాడు. ఎదిగి చెక్క తీయుటకు చాల సంవత్సరములు పట్టునని చెప్పినాను. ఆమె నవ్వి, "మనవరాలికి పనికివచ్చును లెండి" అని కొన్నది.

మేము కొన్నవి: అడ్డసరము, నేలవేము, వాము ఆకు మొక్క, సరస్వతి ఆకు, నీటిబ్రాహ్మి. చివరి రెండును వేరు వేరు. సరస్వతి ఆకు మూత్రపిండాకారముగా, గుండ్రముగా ఉండును. నీటిబ్రాహ్మి ఆకు చిన్నది, దళసరి, మిక్కిలి చేదు. రెండును తడినేలను కోరును గనుక బజారులో అమ్మునవి మురుగుకాలువల ఒడ్డున కోసినవి కావచ్చును. మురుగులోని లోహములను ఈ మొక్కలు పీల్చుకొనును. వీనిని మాత్రము ఇంట తొట్టిలో పెంచుకొనుటయే ఉత్తమము.

నర్సరీ మొక్క కూడ మందు తగలనిది కాదు. అమ్మకమునకు ముందు ఆకు నదురుగా ఉండుటకు పిచికారి చేయుదురు, కుండీ మట్టిలో గుళికలు వేయుదురు. కావున తెచ్చిన వెంటనే ఆకు త్రుంపి పచ్చడిలో వేయరాదు. వేళ్ళకు అంటిన మట్టిని మెల్లగా దులిపి, మంచి మట్టి, చివికిన పశువుల ఎరువు కలిపిన కుండీలోనికి మార్చవలెను. ఉన్న ఆకులను కత్తిరించి పారవేసి, రెండు మూడు నెలల తరువాత కొత్తగా వచ్చిన చిగుళ్ళనే వాడవలెను.

వావిలిని కొనవలసిన పనియే లేదు. మంచి చోట పెరిగిన చెట్టునుండి బొటనవ్రేలంత లావు కొమ్మను జానెడు పొడవున కోసి, భాద్రపదపు వానలలో పెరటి మూల నాటిన నాటుకొనును. ఆకు అయిదు రెక్కలుగా, అడుగున బూడిదతెలుపుగా ఉండును. ఒళ్ళునొప్పులకు, బాలింతల స్నానమునకు రెండు గుప్పెళ్ళ ఆకు నాలుగు లీటర్ల నీటిలో బాగుగా మరిగించి, గోరువెచ్చగా చన్నీటితో కలిపి పోసుకొనవలెను. తిప్పతీగను కూడ ఇట్లే ముక్క నాటి, వేపచెట్టు ఉన్నచో దాని మీదికి ప్రాకించుడు. చేని కంచె మీది తీగను తెచ్చుకొనకుడు. కాడ మీద పులిపిరుల వంటి బుడిపెలు దట్టముగా ఉన్న తీగ కనబడిన అది వేరొక జాతి కావచ్చును, దానిని నాటకుడు. కామెర్లు, కాలేయ వ్యాధులు ఉన్నవారు తిప్పతీగను వైద్యుని అడుగకుండ తీసికొనరాదు.