కమ్మరి కుమారుడు - పియానో



హార్మోనియం గాలితో పలుకుతుంది. పియానోలోనైతే మీట నొక్కగానే లోపలి చిన్న సుత్తి తీగెను కొడుతుంది. ఆ తీగెలు బహు బిగువుగా లాగి కట్టబడియుంటాయి. వాటి లాగుడు అంతా కలిపితే కొన్ని టన్నులు! ఆ బరువును మోసేది పైకి కనబడని చట్రము. ఆ చట్రమును బలపరచిన అమెరికా పనివాడు జోనాస్ చికరింగ్.

ఆయన 1798లో న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలో ఒక కమ్మరి ఇంట జన్మించారు. తండ్రి కొలిమి పని చేస్తుండగా, కుమారుడు కలపతో బీరువాలు, బల్లలు చేసే పని నేర్చుకున్నారు. ఊరిలో ఒకరి ఇంట పాడైన పియానో ఉండేది. దానిని బాగుచేసే పని ఈ యువకునికి అప్పగించారు. ఓపికతో విప్పి చూసి, తిరిగి మ్రోగేలా చేశారు. ఆ పనే ఆయన బ్రతుకుకు దారి చూపింది.

1818లో బోస్టన్ పట్టణం చేరి, పియానోలు చేసే జాన్ ఆస్బర్న్ వద్ద పని నేర్చుకున్నారు. 1823లో ఒక భాగస్వామితో కలిసి స్వంత పని ప్రారంభించారు. తరువాత ఓడ కెప్టెన్ జాన్ మెకే భాగస్వామిగా చేరి వ్యాపారమును విస్తరింపజేశారు. 1841లో ఆయన సముద్రయానంలో గల్లంతయ్యారు. భారమంతా చికరింగ్ మీద పడింది.

ఆ కాలపు చట్రములు కలపవి. వేసవి తేమకు ఉబ్బి, చలికాలపు పొడి గాలికి కుదించుకొని స్వరము తప్పేవి. ఇనుమును ఒకే పోతగా పోసి చట్రము చేయవచ్చునని బోస్టన్‌లోనే ఆల్ఫియస్ బాబ్‌కాక్ 1825లో పేటెంటు పొందారు. ఆ ఘనత ఆయనదే. చికరింగ్ ఆ ఆలోచనను మెరుగుపరచి, 1840లో పెట్టెవంటి స్క్వేర్ పియానోకు, 1843లో గ్రాండ్ పియానోకు పేటెంట్లు పొందారు. కలపపని నేర్చిన కుమారునికి చివరకు తండ్రి ఇనుమే అక్కరకు వచ్చింది!

ఆయన గానప్రియులు కూడా. భక్తి సంగీతానికి పేరుపొందిన బోస్టన్ హాండెల్ అండ్ హైడన్ సొసైటీకి కొంతకాలం అధ్యక్షులుగా ఉన్నారు.

1852 డిసెంబరులో ఆయన కర్మాగారము అగ్నికి ఆహుతైంది. యాభై నాలుగేళ్ల వయస్సులో తిరిగి పునాది వేశారు. ట్రెమాంట్ వీధిలో ఇంకా గొప్ప కట్టడము లేస్తుండగా, అది పూర్తికాకముందే 1853 డిసెంబరు 8న కన్నుమూశారు. కుమారులు దానిని ముగించి పని సాగించారు. 1867లో పారిస్ ప్రదర్శనలో చికరింగ్ పియానోలకు బంగారు పతకము లభించింది. ఆ కట్టడము నేటికీ నిలిచియున్నది.

పియానో వినేవారు చట్రమును తలంచరు. అయినను అది సడలితే ఒక్క స్వరమైనా నిలువదు. మన కుటుంబములలోను, సంఘములలోను అట్లు కనబడక భారము మోసేవారు ఎందరో ఉన్నారు. వారిని గుర్తించి గౌరవించుదము.