రొయ్యల మామిడి సలాడు

రొయ్యల మామిడి సలాడు ఉడికించి చల్లార్చిన రొయ్యలు, దోరమామిడి ముక్కలు, పచ్చి కూరగాయలు కలిపి తయారుచేసే చల్లని వంటకము. వేసవిలో పొయ్యి దగ్గర ఎక్కువసేపు నిలబడకుండా అరగంటలో దీనిని సిద్ధం చేయవచ్చును. ఇది రాయలసీమ సంప్రదాయ వంటకము కాదు. అయితే దీనికి కావలసిన ముఖ్య పదార్థాలన్నీ తిరుపతి, చిత్తూరు జిల్లాలలో లభిస్తాయి.

నేపథ్యము

చిత్తూరు ప్రాంతము మామిడి తోటలకు ప్రసిద్ధి. ఇక్కడ ఎక్కువగా పండించే తోతాపురి రకానికి చిలుక ముక్కు వంటి కొన ఉంటుంది. ఈ పంటలో అధిక భాగము గుజ్జు కర్మాగారాలకు వెళుతుంది. దోరగా ఉన్నప్పుడు దీని కండ గట్టిగా, కొద్దిగా పుల్లగా ఉండి ముక్కలు చెదరవు. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన తిరుపతి జిల్లాలో గూడూరు, సూళ్ళూరుపేట ప్రాంతాలు చేరడంతో సముద్రతీరము, పులికాట్ సరస్సులో కొంత భాగము ఆ జిల్లాలోకి వచ్చాయి. చిత్తూరు జిల్లాకు సముద్రతీరము లేదు.

పచ్చి పదార్థాలను వండకుండా కలిపి తినడము తెలుగువారికి కొత్త కాదు. శ్రీరామనవమి నాటి వడపప్పు, కోసంబరి ఇటువంటివే. థాయిలాండులో పచ్చి మామిడి తురుములో ఎండురొయ్యలు కలిపిన సలాడు ప్రసిద్ధము.

కావలసిన పదార్థాలు (నలుగురికి)

* ఒలిచిన రొయ్యలు - 250 గ్రాములు
* దోరగా ఉన్న తోతాపురి మామిడి - 1
* కీరదోస - 1
* చిన్న ఉల్లిపాయలు - 5
* పచ్చిమిరపకాయ - 1
* నిమ్మకాయ - 1
* వేయించి, పొట్టు తీసిన వేరుశనగపప్పు - 2 చెంచాలు
* కొత్తిమీర, మిరియాల పొడి, ఉప్పు - తగినంత

తయారుచేసే విధానము

# రొయ్యల వెన్నుమీది నల్లని నరమును తీసి, శుభ్రముగా కడుగవలెను.
# మరుగుతున్న ఉప్పునీటిలో వేసి 2 నుండి 3 నిమిషాలు ఉడికించవలెను. ఉడికిన రొయ్య ఎర్రబారి, లోపలి కండ పూర్తిగా తెల్లబడుతుంది. ఎక్కువసేపు ఉడికితే రబ్బరువలె సాగుతుంది.
# నీరు వార్చి, వెంటనే శుభ్రమైన మంచునీటిలో చల్లార్చి, తడి లేకుండా తీయవలెను.
# మామిడి, కీరదోస, ఉల్లి, మిర్చి సన్నగా తరిగి, రొయ్యలతో కలిపి చల్లగా ఉంచవలెను.
# వడ్డించే ముందు మాత్రమే ఉప్పు, నిమ్మరసము, మిరియాల పొడి, కొత్తిమీర, వేరుశనగపప్పు కలుపవలెను. ముందుగా ఉప్పు వేస్తే కీరదోస నీరు వదులుతుంది.

మామిడికి బదులుగా పచ్చి అనాసను వాడితే, అందులోని బ్రొమెలైన్ అనే ఎంజైము మాంసకృత్తులను విడగొట్టి రొయ్యలను మెత్తబరుస్తుంది. కనుక అనాసను చివరి నిమిషములోనే కలుపవలెను.

నిమ్మరసము - ఉడికించుట

పెరూ దేశపు సెవిచే అనే వంటకములో పచ్చి చేపను నిమ్మరసములో నానబెడతారు. యునెస్కో 2023లో దీనిని మానవాళి అవ్యక్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. ఆమ్లము వలన కండ తెల్లబడి గట్టిపడుతుంది కాబట్టి అది ఉడికినట్లు కనిపిస్తుంది. కాని ఆమ్లము సూక్ష్మక్రిములన్నిటినీ, పరాన్నజీవులన్నిటినీ చంపదు. వెచ్చని ఉప్పునీటిలో పెరిగే విబ్రియో జాతి బాక్టీరియా రొయ్యలలో ఉండవచ్చును. అందువలన రొయ్యలను నిమ్మరసముతో సరిపెట్టక, వేడితోనే ఉడికించవలెను.

జాగ్రత్తలు

* తిరుపతిలో వేసవి ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. రొయ్యలను మంచులో ఉంచి ఇంటికి తేవలెను. అమ్మోనియా వాసన వచ్చేవి వాడరాదు.
* పచ్చి రొయ్యలు తరిగిన కత్తిని, పలకను కడుగకుండా పండ్లకు వాడరాదు.
* 32 డిగ్రీలు దాటిన వేడిలో సలాడును గంటకు మించి బయట ఉంచరాదు. చల్లబరచిన పాత్ర ఫ్రిజ్‌లో 5 డిగ్రీల లోపు ఉండవలెను.
* రొయ్యలు, వేరుశనగ కొందరికి తీవ్రమైన అలర్జీ కలిగిస్తాయి. అటువంటి వారు దీనిని తినరాదు.
* తిరుమల కొండపై మాంసాహారము నిషిద్ధము. కనుక ఈ వంటకమును అక్కడికి తీసుకుపోరాదు.

ఇవి కూడా చూడండి

* కోసంబరి
* తోతాపురి మామిడి
* పులికాట్ సరస్సు