సంఘం గదిలో రాత్రి బస – పాలకవర్గం తెలుసుకోవలసిన విషయాలు

పాల సంఘానికి రెండు పూటలా పని. సాయంత్రం పాలు కొలిచి, క్యాన్లు వ్యానెక్కించి, సామాను కడిగి, లెక్క రాసేసరికి రాత్రి ఎనిమిదిన్నర, తొమ్మిది అవుతుంది. మళ్లీ తెల్లవారుజామున నాలుగున్నరకు తలుపు తీయాలి. నెల్లూరు కోస్తాలో విడవలూరు, ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు, ముత్తుకూరు ప్రాంతాల పల్లెలు కొన్ని బకింగ్‌హాం కాలువకు అవతల, సముద్రం వైపున ఉన్నాయి. అట్టి పల్లె నుండి వచ్చే టెస్టరు ఇంటికి పోయి, తిని పడుకొని, మూడు గంటలకే లేచి చీకట్లో బయలుదేరాలి. నిద్ర అయిదు గంటలైనా దక్కదు. అందువల్ల అతడు సంఘం గదిలోనే చాప పరుస్తాడు.

దీనిని కొందరు సభ్యులు సోమరితనం అంటారు. మరికొందరు అధ్యక్షులు “పడుకుంటే మంచిదే, కాపలా కూడా అవుతుంది” అంటారు. రెండు మాటలూ సరికావు. వేకువ పని ఉన్న చోట ముందు రాత్రి బస అనేది ఆ పనిలో భాగం. దానికి చోటు చూపడం, నియమం పెట్టడం పాలకవర్గం బాధ్యత.

ఇందుకు ఉదాహరణ మన జిల్లాలోనే ఉన్నది. ఆవిరి ఇంజన్ల కాలంలో బిట్రగుంటలో పెద్ద లోకో షెడ్డు ఉండేది. డ్రైవర్లు, ఫైర్‌మన్లు వేళగాని వేళలో బండెక్కవలసి వచ్చేది. అందుకే రైల్వేవారు ఇటువంటి చోట్ల రన్నింగ్ రూములు కట్టించారు. మంచం, పరుపు, వంటవాడు ఏర్పాటు చేసి, బండి వేళకు ముందుగా లేపడానికి మనిషిని పెట్టారు. నిద్రమత్తులో బండి నడిపితే ఏమవుతుందో వారికి తెలుసు. ఫ్యాక్టరీల చట్టం కూడా 1948లోనే, 150 మందికి మించి పనిచేసే చోట విశ్రాంతి గది ఉండాలని చెప్పింది. మన సంఘంలో పనిచేసేది ఇద్దరు ముగ్గురే కావచ్చు. మనిషికి కావలసిన నిద్ర మాత్రం ఒక్కటే. పెద్దవారికి రోజుకు కనీసం ఏడు గంటలు కావాలి.

నిద్రమత్తుకూ వెన్న శాతానికీ సంబంధం

నిద్ర లేవగానే మెదడు పూర్తిగా తేరుకోదు. సాధారణంగా పదిహేను నిమిషాల నుండి అరగంట వరకు మందంగా ఉంటుంది. గాఢనిద్రలో ఉన్నవానిని తట్టి లేపితే ఇంకా ఎక్కువ సేపు పడుతుంది. గెర్బర్ పద్ధతిలో పరీక్ష చేసే టెస్టరు 10 మిల్లీలీటర్ల గంధకామ్లం, 10.75 మిల్లీలీటర్ల పాలు, 1 మిల్లీలీటరు అమైల్ ఆల్కహాలు కొలిచి బ్యుటిరోమీటరులో పోయాలి. తరువాత సన్నని గీతల మీద వెన్న మట్టం చదవాలి. రెండు గీతలు తప్పు చదివితే 7.0 కాస్తా 6.8 అవుతుంది. పది లీటర్లు పోసిన సభ్యునికి సుమారు 20 గ్రాముల వెన్న పోయినట్లే. కిలో వెన్నకు 800 రూపాయలు అనుకుంటే ఒక్క పూటకు 16 రూపాయలు. తప్పు ఎక్కువ వైపుకు జరిగితే ఆ నష్టం సంఘానిది. ఎలక్ట్రానిక్ యంత్రం ఉన్న చోట కూడా నమూనా కలియబెట్టేది, సభ్యుని నంబరు ఎక్కించేది మనిషే. కాబట్టి లేచిన తరువాత అరగంట గడవనిదే మొదటి నమూనా ముట్టరాదు. నాలుగున్నరకు పాలు పట్టాలంటే నాలుగింటికి లేవాలి. ముఖం కడిగి, కాఫీ తాగి, దీపాలన్నీ వేసి సామాను సర్దుకోవడానికి ఆ అరగంట సరిపోతుంది.

ఎక్కడ పడుకోరాదు

తనిఖీకి వెళ్లినప్పుడు పరీక్ష బల్ల కిందనే చాప, తలగడ కనిపించిన సంఘాలున్నాయి. ఆ బల్ల మీద యాసిడ్ సీసా ఉంటుంది. చీకట్లో చేయి తగిలితే కళ్లు పోతాయి. పరీక్ష గదిలో పడుకోవడం పూర్తిగా నిషేధించాలి.

జనరేటరు ఉన్న గదిలోగాని, దాని పొగ వచ్చే గదిలోగాని పడుకోరాదు. ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. నిద్రలో ఉన్నవాడు మేలుకోకుండానే ప్రాణం పోతుంది. కరెంటు పోయినప్పుడు జనరేటరు వేసి, చలిగాలి రాకుండా తలుపులు బిగించుకోవడం మరీ ప్రమాదం.

పాల క్యాన్లు ఉన్న చోట పక్క వేయరాదు. పాలు వాసనలను త్వరగా పట్టుకుంటాయి. బీడీ పొగ, దోమల చుట్ట పొగ కూడా పాలకు చేటే.

గాలి వచ్చే వేరు గది, అది లేకుంటే కప్పు ఉన్న వరండా, ఒక మంచం, దోమతెర, టార్చిలైటు, తాగునీరు, మరుగుదొడ్డి ఉంటే చాలు. తేళ్లు, పాములు తిరిగే మన పల్లెల్లో నేలమీద పడుకోమనడం తగదు.

తుఫాను హెచ్చరిక ఉన్న రాత్రి ఎవరినీ సంఘంలో ఉండమనరాదు. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుఫానును చూసినవారికి ఇది వేరుగా చెప్పనక్కరలేదు. ఒక పూట పాలు పోయినా సరే, మనిషి ముందు తుఫాను షెల్టరుకు చేరాలి.

బస వేరు, కాపలా వేరు

నిద్రపోయేవాడు కాపలా కాయలేడు, కాపలా కాసేవాడు నిద్రపోలేడు. నగదుకు, క్యాన్లకు కాపలా కావాలంటే వేరే మనిషిని పెట్టి కూలి ఇవ్వాలి. రాత్రి సామాను పోయిందని బస చేసిన టెస్టరు జీతంలో కోత పెట్టడం న్యాయం కాదు. టెస్టరుగా మహిళ ఉన్న చోట రాత్రి బస అడగరాదు. వేకువన ఆమెను ఇంటి నుండి తోడు తీసుకురావడానికి సంఘమే ఏర్పాటు చేయాలి.

పూటకూ పూటకూ మధ్య మధ్యాహ్నం గంటన్నర నిద్రపోతే రాత్రి లోటు కొంత తీరుతుంది. ఆ వేళలో టెస్టరును లెక్కల పనికని, బ్యాంకు పనికని తిప్పకుండా ఉండాలి.

ఈ ఏర్పాటు నోటిమాటగా ఉండరాదు. వచ్చే పాలకవర్గ సమావేశంలో ఈ విధంగా తీర్మానించి మినిట్సు పుస్తకంలో రాయండి: “వేకువ పాల సేకరణ కొరకు సంఘంలో రాత్రి బస చేయు ఉద్యోగికి పరీక్ష గది కాక వేరు చోటు, మంచం, దోమతెర సంఘ ఖర్చుతో ఏర్పాటు చేయుటకును, బస కాలమందు కాపలా బాధ్యత అతనిపై ఉండకుండుటకును, లేచిన అరగంట తరువాతనే పరీక్ష ప్రారంభించుటకును తీర్మానించడమైనది.”

ఇందుకయ్యే ఖర్చు ఒక మంచం, ఒక దోమతెర. సభ్యులు పోసిన ప్రతి నమూనాకు సరైన అంకె పడాలంటే, ఆ అంకె చదివే మనిషికి ముందు రాత్రి నిద్ర పట్టాలి. మీ సంఘంలో టెస్టరు ఎక్కడ పడుకుంటున్నాడో ఈ వారమే ఒకసారి వెళ్లి చూడండి.