పట్టుచీరకు సోడా ఎందుకు పడదు?

పెళ్ళినుంచి రాగానే మీ అమ్మ పట్టుచీర విప్పి, వెంటనే బీరువాలో పెట్టకుండా నీడపట్టున దండెంమీద ఆరవేయడం మీరు చూసే ఉంటారు. మామూలు నూలుచీరకు లేని ఈ మర్యాద పట్టుచీరకు ఎందుకు? ఖరీదైనది కాబట్టి అంటారా? అది సగం జవాబే.

మిగతా సగం నేను 1982లో, ఏడవ తరగతిలో ఉండగా నేర్చుకున్నాను. అమ్మకు జ్వరంగా ఉంది. సాయం చేద్దామని నాన్న పంచెలతోపాటు అమ్మ పెళ్ళినాటి ఎర్ర ధర్మవరం చీరనుకూడా వేడినీళ్ళ గంగాళంలో వేసి, గుప్పెడు చాకలిసోడా కలిపి, గంటసేపు నానబెట్టాను. పంచెలు తెల్లగా వచ్చాయి (అక్కడక్కడ చీర రంగు అంటుకుంది, అది వేరే సంగతి). చీరమాత్రం నిగనిగ పోయి, గోనెగుడ్డలాగా గరుకుగా తేలింది. మరుసటి సంక్రాంతికి అమ్మ కట్టుకోబోతే మడతల వెంబడి చిరిగింది. “పోనీలేరా” అంది అమ్మ. ఆ మాటకంటే దెబ్బలే నయమనిపించింది.

ఒకే నీళ్ళు, ఒకే సోడా. పంచెకు మేలు చేసి చీరను ఎందుకు పాడుచేసింది?

నూలు పత్తినుంచి వచ్చింది. అంటే సెల్యులోజు. క్షారాలను అది బాగా తట్టుకుంటుంది. పట్టు అలా కాదు. పట్టుపురుగు తన నోటినుంచి వదిలే ద్రవం గట్టిపడి పోగు అవుతుంది. ఒక్కొక్క గూటిలో సుమారు కిలోమీటరు పొడవున్న పోగు ఉంటుంది! అది ఫైబ్రాయిన్ అనే ప్రోటీన్. మీ జుట్టు, గోళ్ళు కూడా ప్రోటీన్లే. చీరనుంచి రాలిన చిన్న పట్టుపోగును పెద్దలు దగ్గరుండగా కాల్చి చూడండి. వెంట్రుక కాలిన వాసనే వస్తుంది. నూలుపోగు కాలిస్తే కాగితం కాలిన వాసన వస్తుంది.

ప్రోటీన్ అంటే అమైనో ఆమ్లాలు గొలుసులాగా కలిసిన పెద్ద అణువు. వేడి క్షారద్రావణం ఈ గొలుసు లంకెలను తెంపుతుంది. లంకెలు తెగిన పోగుకు బలం ఏముంటుంది? పైగా పట్టుపోగును అడ్డంగా కోసి సూక్ష్మదర్శినిలో చూస్తే ఇంచుమించు త్రిభుజాకారంగా, నున్నని పక్కలతో కనిపిస్తుంది. ఆ పక్కలు వెలుతురును అద్దంలా తిప్పికొట్టడంవల్లే పట్టుకు మెరుపు. క్షారం ఆ నునుపును తినివేయగానే మెరుపూ పోతుంది.

ఇక్కడ మీలో చురుకైనవారు నన్ను ఆపవచ్చు: “మాస్టారూ, నేతపనివారు ముడిపట్టును సబ్బు, సోడా నీళ్ళలో ఉడకబెడతారు కదా?” నిజమే. ముడిపట్టు పోగుపైన సెరిసిన్ అనే జిగురు ఉంటుంది. బరువులో అది ఇంచుమించు నాలుగోవంతు. అదికూడా ప్రోటీనే కాని, ఫైబ్రాయిన్‌కంటే చాలా సులువుగా కరుగుతుంది. జిగురు పోయి పోగు చెడకుండా ఉండే సమయం వారికి అనుభవంమీద తెలుసు. నాకు తెలియలేదు. అదే తేడా.

మరి కుంకుడుకాయ? అందులో సపోనిన్లు ఉన్నాయి. సబ్బులాగే నురుగునిచ్చి మురికిని లాగుతాయి గాని, ఆ రసానికి క్షారగుణం లేదు, కాస్త ఆమ్లగుణం ఉంది. లిట్మస్ కాగితంతో మీరే పరీక్షించండి. ఇంకో లాభం: ఉప్పునీటి బోర్లున్న ఊళ్ళలో సబ్బు విరిగి తెల్లని తెట్టుగా బట్టకు పడుతుంది. కుంకుడురసానికి ఆ బెడద లేదు. చీర రంగు పోతుందేమో ముందుగా లోపలి మూలను తడిగుడ్డతో అద్ది చూడాలి. చల్లని నీళ్ళలో పలుచని రసంతో జాడించి, పిండకుండా తువ్వాలులో చుట్టి తడి లాగించి, నీడన ఆరవేయాలి. ఎండలోని అతినీలలోహిత కిరణాలు పట్టును పసుపుబారుస్తాయి. బ్లీచింగ్ పౌడరు నీళ్ళు మాత్రం దగ్గరకు రానీయకండి. అవి పట్టును కరిగించివేస్తాయి.

జరీ సంగతి వేరు. అసలు జరీ అంటే పట్టుదారంచుట్టూ సన్నని వెండితీగ చుట్టి, పైన బంగారుపూత పూసినది. గాలిలో కొద్దిపాటి హైడ్రోజన్ సల్ఫైడ్ ఉన్నా వెండి నల్లని సిల్వర్ సల్ఫైడ్‌గా మారుతుంది. చెమట, అత్తరు తగిలితే ఇంకా త్వరగా పాడవుతుంది. ఈనాడు చాలా చీరల్లో వెండికి బదులు రాగితీగ, ప్లాస్టిక్ పోగు వాడుతున్నారు. నల్లబడిందికదా అని రాగిచెంబులాగా చింతపండుతో తోమితే ఆ పలుచని పూతే పోతుంది.

దాచేటప్పుడు ప్లాస్టిక్ సంచి వద్దు. లోపల చిక్కిన తేమవల్ల బూజు పడుతుంది. ఉతికిన పాత నూలుపంచెలో చుడితే గాలి ఆడుతుంది. గంజి పెట్టి దాచకండి, గంజిని వెతుక్కుంటూ వెండిపురుగులు వస్తాయి. పట్టును కొరికేది రెక్కల చిమ్మట కాదు, దాని పిల్లపురుగు. చెమట, కూర మరకలున్న చోటే దానికి ఇష్టం. కలరా ఉండలు (నాఫ్తలీన్) ఉత్పతనం చెంది ఆవిరై దాన్ని తరుముతాయి. ఆ ఆవిరి గాలికంటే బరువైనది కనుక గుడ్డలో మూటకట్టి చీరలకు పైన ఉంచాలి. చిన్నపిల్లలు పిప్పరమెంటనుకుని నోట్లో వేసుకుంటే ప్రాణాపాయం, జాగ్రత్త.

మూడు నాలుగు నెలలకోసారి మడత మార్చండి. తీగను ఒకేచోట వంచుతూ ఉంటే పుటుక్కున విరుగుతుంది కదూ? జరీకీ అదే గతి.

అమ్మ చీర అంచుముక్క ఒకటి ఇప్పటికీ నాదగ్గర ఉంది. తరగతికి తీసుకువెళ్ళి ఒక జరీపోగు విప్పి భూతద్దంకింద పెడతాను. పైన తీగ నల్లగా ఉంటుంది. సోడా చేరని చోట, లోపలి పట్టుదారం ఇంకా ఎర్రగానే మెరుస్తుంది.