సెన్సర్ ముందా, మెడ ముందా?

మా మేనల్లుడికి డ్రైవింగ్ నేర్పే పని నా మీద ఎలా పడిందో ముందు చెబుతాను. మా బావగారు మామూలుగా చాలా నెమ్మదస్తులు. పదిమందిలో గొంతు పెంచి ఎరగరు. కానీ పిల్లలు స్టీరింగు పట్టుకుని, ఆయన పక్క సీట్లో కూర్చుంటే మాత్రం వేరే మనిషైపోతారు. 2022లో మా మేనకోడలికి నేర్పబోతే, మొదటిరోజే ఫ్రీమాంట్ బులవార్డ్ మీద ఒక సిగ్నల్ దగ్గర తండ్రీకూతుళ్ళు మాటలు మానేశారు. ఇంటికొచ్చాక కూడా రెండు రోజులు అక్క ఇద్దరి మధ్యా రాయబారం నడిపింది. మూడోరోజు నాకు ఫోను: "ఒరేయ్, నీకు పుణ్యముంటుంది, దీనికి డ్రైవింగ్ నువ్వే నేర్పరా."

అలా ఒకళ్ళకి నేర్పాను. 2024లో దాని తమ్ముడి వంతు వచ్చింది. ఒకసారి నేర్పినవాణ్ణే కదా, ఇందులో కొత్తగా ఏముంటుంది అనుకున్నాను. ఉంది. అది వాడి గురించి కాదు, నా గురించి. మీలో చాలామంది పిల్లలు ఇప్పుడో, ఇంకో రెండు మూడేళ్ళకో ఈ వయసుకి వస్తారు గనక పనికొస్తుందని రాస్తున్నాను.

గుంటూరు వెర్షన్

నేను మొదట కారు నేర్చుకున్నది 2010 ఎండాకాలంలో, గుంటూరులో, ఎల్ బోర్డు పెట్టిన మారుతి 800లో. మా గురువుగారి కాళ్ళ దగ్గర కూడా ఒక బ్రేకు, ఒక క్లచ్చి ఉండేవి. అందుచేత మొదటి వారమంతా కారు నేను నడుపుతున్నానని అనుకున్నానే తప్ప, నడిపింది ఆయనే. శంకర్ విలాస్ ఫ్లైఓవర్ ఎక్కుతూ మధ్యలో ఆగిపోయి, వెనక ఆటో ముక్కు తగిలేంత దగ్గరలో ఉండగా, హాఫ్ క్లచ్ మీద కారు వెనక్కి జారకుండా ముందుకి కదిలించడమే మాకు ఫైనల్ పరీక్ష.

ఆ కారుకి ఎడమవైపు అద్దం లేదు. అడిగితే, "వెనకవాడి సంగతి వెనకవాడు చూసుకుంటాడు. నువ్వు ముందు చూడు, హారన్ కొట్టు" అన్నారు గురువుగారు. అప్పుడు నవ్వొచ్చింది గానీ, ఎమ్మెస్‌లో నెట్‌వర్కింగ్ చదివాక ఆలోచిస్తే అదీ ఒక ప్రోటోకాలే అనిపించింది. అందరూ ఎడతెరిపి లేకుండా బ్రాడ్‌కాస్ట్ చేస్తుంటారు. ఎవరి ముందున్నదానికి వాళ్ళు బాధ్యులు. లారీల వెనక "సౌండ్ హారన్" అని రాసుకునేది అందుకే కదా. ఊళ్ళో నెమ్మదిగా పోతున్నంతసేపూ ఆ పద్ధతి ఎలాగో నడిచిపోతుంది. హైవే మీద అదే అలవాటు ప్రాణాల మీదికి తెస్తుంది.

అమెరికా వెర్షన్

2011లో కాన్సాస్‌లో చదువుకోడానికి వచ్చాను. అక్కడ నా రూమ్మేట్ దగ్గర 1997 కరోలా ఉండేది. పెట్రోలు ఖర్చు, వారానికొక బిరియానీ - ఇదీ ఫీజు. క్లచ్చి లేదు, గేర్లు మార్చే బాధ లేదు, ఇక డ్రైవింగేముంది అనుకున్నాను. ఎడమకాలు లేని క్లచ్చిని వెతికి బ్రేకుని తొక్కేది. మలుపు తిరగబోయిన ప్రతిసారీ ఇండికేటర్ బదులు వైపర్లు వేసేవాణ్ణి. ఎండలో వైపర్లు తిరుగుతున్న కారుని చూస్తే, ఆ ఊళ్ళో ఎవరైనా మనదేశం నుంచి కొత్తగా వచ్చినవాడని పోల్చుకోవచ్చు.

మొదటి పరీక్షలో ఫెయిలయ్యాను. పార్కింగ్ బాగానే చేశాను, స్టాప్ సైన్ దగ్గర పూర్తిగా ఆగాను. పరీక్ష పెట్టినావిడ కాగితం మీద ఒక్క గడి చూపించింది. లేన్ మారిన మూడుసార్లూ అద్దాలే చూశాను, ఒక్కసారీ తల తిప్పలేదు. అద్దాలన్నిటికీ అందని చోటు కారుకి రెండు పక్కలా ఉంటుంది. అక్కడ ఒక కారు మొత్తం దాక్కోగలదు. రెండోసారి పరీక్షలో నేను మెడ ఎంత గట్టిగా తిప్పానంటే, ఆవిడే "చాల్లే" అన్నట్టు నవ్వింది.

ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. మళ్ళీ అవసరమవుతుంది.

ఆ ఒక్క క్షణం

మా మేనకోడలు భయస్తురాలు. ఫ్రీవే మీద లేన్ మారాలంటే ముందు అద్దాలు, తర్వాత మెడ, మళ్ళీ అద్దాలు చూసి, ఈలోపు ఎగ్జిట్ దాటిపోయేది. మేనల్లుడు అలా కాదు. చిన్నప్పటినుంచీ వీడియో గేములు ఆడిన చేతులు. స్టీరింగు మీద పట్టు మూడోరోజుకే వచ్చేసింది. తెరమీద చూపించినదాన్ని నమ్మడం కూడా వాడికి అలవాటే.

ఒక శనివారం మధ్యాహ్నం 880 మీద దక్షిణంగా వెళ్తున్నాం. ట్రాఫిక్ చిక్కగా ఉంది. అందరూ గంటకి ముప్ఫై మైళ్ళకి అటూ ఇటూగా పోతున్నారు. వాడు ఎడమ లేన్‌లోకి మారాలనుకున్నాడు. నా కారు అద్దంలో పక్క లేన్‌లో బండి ఉంటే వెలిగే నారింజరంగు లైటుంది. "మావయ్యా, లైటు లేదు, వెళ్ళనా?" అన్నాడు. "ఊ, వెళ్ళు" అన్నాను.

చక్రం గీత మీదికి వెళ్ళబోతోందో లేదో, రెండు లేన్ల మధ్యనుంచి ఒక మోటార్ సైకిల్ హారన్ కొడుతూ మా అద్దానికి జానెడు దూరంలో దూసుకుపోయింది. నేను అసంకల్పితంగా స్టీరింగు కుడివైపుకి లాగాను. అదృష్టం కొద్దీ ఆ పక్కన ఎవరూ లేరు. మౌరీ ఎవెన్యూ దగ్గర దిగి ఒక పార్కింగ్ లాట్‌లో ఆపించాను. వాడి చేతులు వణుకుతున్నాయి. "లైటు రాలేదు మావయ్యా. నేను చూశాను" అన్నాడు.

వాడు అబద్ధం చెప్పలేదు. నేనూ అదే లైటు చూసి వెళ్ళమన్నాను. తల తిప్పనందుకు పరీక్ష తప్పినవాణ్ణి, 2018లో ఈ కారు కొన్నాక నాకు తెలియకుండానే మెడ తిప్పడం మానేశాను. పక్కవాళ్ళ పిల్లాడెవరో బండి నడుపుతూ, వాడూ ఏ తల్లికో కొడుకై, నా "ఊ, వెళ్ళు" అన్న మాటకి పోయి ఉండేవాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

లైటు ఎందుకు వెలగలేదు?

మనం సాఫ్ట్‌వేర్ వాళ్ళం గనక, ముందు బగ్ ఎక్కడుందో చూద్దాం. చాలా కార్లలో ఈ పని చేసేవి వెనక బంపర్ రెండు మూలల్లోనూ దాచిన చిన్న రాడార్లు. కారు పక్కనా, కొంచెం వెనకా కొంత మేర గమనిస్తుంటాయి. అక్కడికి బండి వస్తే లైటు. ప్రతి చిన్నదానికీ వెలిగితే జనం విసుగెత్తి పట్టించుకోరు. అందుకని గోడలు, రైలింగులు, పక్క పక్క లేన్‌లో ఉన్నవి లెక్కలోకి తీసుకోకుండా వడగడతారు. వడగట్టడమంటే మనకి తెలిసిందే. తప్పుడు అలారాలు తగ్గించిన కొద్దీ, నిజమైనవి కొన్ని జారిపోయే అవకాశం పెరుగుతుంది.

పైగా మోటార్ సైకిల్ సన్నగా ఉంటుంది, వేగంగా వస్తుంది. మేము ముప్ఫై, అతను యాభై మైళ్ళు అనుకోండి. తేడా ఇరవై మైళ్ళు, అంటే సెకనుకి 29 అడుగులు. రెండు కార్ల పొడవు వెనక ఉన్నవాడు ఒక్క సెకనులో మన పక్కకి వస్తాడు. లేన్ మారడానికి మనకి మూడు నాలుగు సెకన్లు కావాలి. లైటు వెలిగేసరికే మనం సగం దూరం వెళ్ళి ఉంటాం. కాలిఫోర్నియాలో లేన్ల మధ్యనుంచి మోటార్ సైకిళ్ళు వెళ్ళడం 2016లో చేసిన చట్టం ప్రకారం న్యాయమే. కాబట్టి తప్పు అతనిదనడానికీ లేదు. కారు మాన్యువల్లో ఈ హెచ్చరిక అచ్చయి ఉంది. వేగంగా వచ్చే బండ్లు కనిపించకపోవచ్చు, డ్రైవరే చూసుకోవాలి అని. ఆ పేజీ నేను మర్నాడు మొదటిసారి చదివాను. యూజర్లు డాక్యుమెంటేషన్ చదవరని ఆఫీసులో విసుక్కునేది నేనే.

మిగతా సదుపాయాలకీ ఇలాంటి హద్దులున్నాయి. ముందు కారుని బట్టి వేగం తగ్గించుకునే క్రూయిజ్ కంట్రోల్ కదిలే బండ్లని బాగా పట్టుకుంటుంది. కదలకుండా ఆగి ఉన్నవాటితోనే చిక్కు. వంతెనలు, బోర్డులు, రోడ్డు మీది ఇనుప ముక్కలు కూడా రాడార్‌కి ఆగి ఉన్న వస్తువులే. ప్రతిదానికీ బ్రేకు వేస్తే కారు నడవదు గనక, చాలా సిస్టమ్‌లు హైవే వేగంలో ఆగి ఉన్నవాటిని పట్టించుకోకపోవచ్చు. ఆగి ఉన్నది ఒక్కోసారి ఫైరింజన్ కావచ్చు.

1983 నాటి మాట

1983లో లిసాన్ బెయిన్‌బ్రిడ్జ్ అనే సైకాలజీ పరిశోధకురాలు ఆటోమేషన్‌లోని వైపరీత్యాల గురించి ఒక చిన్న పేపర్ రాసింది. ఆవిడ దృష్టిలో ఉన్నవి ఫ్యాక్టరీల కంట్రోల్ రూములు, కార్లు కాదు. ఆవిడ చెప్పిన విషయం క్లుప్తంగా ఇది: తేలికైన పనులు యంత్రానికి అప్పజెప్పి, అది చెయ్యలేని కష్టమైనవి మనిషికి వదిలేస్తాం. రోజూ చెయ్యకపోవడం వల్ల మనిషికి ఆ పని మీద చెయ్యి తప్పిపోతుంది. సరిగ్గా అవసరమైన రోజున అతని దగ్గర ఆ నేర్పు ఉండదు.

నాకు జరిగింది అదే. నాకైతే కనీసం ఒకప్పుడు వచ్చు, మర్చిపోయాను. మా మేనల్లుడికి అసలు రానే లేదు. వాడు మొదటిరోజునుంచీ లైటున్న కారులోనే నేర్చుకున్నాడు. అలాగని ఈ సదుపాయాలు చెడ్డవని కాదు. కారు అదుపు తప్పి తిరిగిపోకుండా ఆపే ఈఎస్‌సీని అమెరికాలో 2012 మోడల్ కార్లనుంచి, వెనక కెమెరాని 2018 మేనుంచి తప్పనిసరి చేశారంటే ఊరికే చెయ్యలేదు. వాటివల్ల బతికిన ప్రాణాలున్నాయి. నేననేది వరస గురించి. ముందు కన్ను, ఆ తర్వాతే సెన్సర్.

మేము మార్చుకున్న పద్ధతి

కాలిఫోర్నియాలో పదిహేనున్నర ఏళ్ళకి పర్మిట్ ఇస్తారు. శిక్షకుడి దగ్గర ఆరు గంటలు కాక, పెద్దవాళ్ళు పక్కనుండగా 50 గంటలు నడపాలి. అందులో 10 గంటలు రాత్రిపూట. లైసెన్సు వచ్చాక మొదటి ఏడాది రాత్రి 11 నుంచి తెల్లవారి 5 దాకా ఒంటరిగా నడపకూడదు. పక్కన పెద్దవాళ్ళు లేకుండా ఇరవై ఏళ్ళలోపు స్నేహితుల్ని ఎక్కించుకోకూడదు. మనవాళ్ళు కొందరు ఈ 50 గంటలూ కాగితం మీదే పూర్తి చేస్తారు. దయచేసి ఆ పని చెయ్యకండి. కారులో ఈడు పిల్లలుంటే ప్రమాదం పెరుగుతుందనే ఆ చివరి నిబంధన పెట్టారు.

ఆ సంఘటన తర్వాత వాడికి నేను పెట్టిన పాఠాలు ఇవి.

మొదటిది, అద్దంలో లైటు సెట్టింగ్స్‌లోకి వెళ్ళి ఆపేశాను. ఇరవై గంటలు అది లేకుండా నడిపాడు. తనంతట తాను బ్రేకు వేసేదీ, ఈఎస్‌సీ లాంటివీ మాత్రం ముట్టుకోలేదు. సమాచారం ఇచ్చేవాటిని కొన్నాళ్ళు పక్కన పెట్టొచ్చు గానీ, పడితే పట్టుకునే వలని తీసెయ్యకూడదు.

రెండోది, చూసింది పైకి చెప్పడం. "కుడిపక్క తెల్ల వ్యాను, వెనక ఎవరూ లేరు, ఎడమ ఖాళీ." మెడ తిప్పకుండా "ఖాళీ" అన్నాడంటే నాకు తెలిసిపోతుంది. పిల్లవాడు ఎటు చూస్తున్నాడో పక్కనుంచి కనిపెట్టడం కష్టం. నోటితో చెబితే అది మనకి లాగ్ ఫైల్ లాంటిది.

మూడోది, బ్రేకు లెక్క. ఇది కాగితం మీద చేయించాను. ప్రమాదం గుర్తించి కాలు బ్రేకు మీదికి వెళ్ళడానికి ఒకటిన్నర సెకను అనుకుందాం. గంటకి 30 మైళ్ళంటే సెకనుకి 44 అడుగులు, అంటే బ్రేకు పడకముందే 66 అడుగులు పోతాం. పొడి రోడ్డు మీద ఆగడానికి ఇంకో 43 అడుగులు. మొత్తం 109. అదే 60 మైళ్ళలో 132, దాని మీద 172, మొత్తం 304 అడుగులు. వేగం రెట్టింపైతే బ్రేకు దూరం నాలుగింతలు. ఆ నాలుగింతలు స్కూల్లో చదువుకున్నదే అయినా, ఖాళీ లాట్‌లో అడుగులు కొలిచి నిలబెడితే గానీ వాడి కళ్ళు పెద్దవి కాలేదు.

నాలుగోది, ఖాళీ లాట్‌లోనే పాతిక మైళ్ళ వేగంలో బ్రేకు పూర్తిగా తొక్కించాను. చక్రం బిగుసుకోకుండా ఏబీఎస్ బ్రేకుని సెకనులో ఎన్నోసార్లు వదిలి పట్టుకుంటుంది. అప్పుడు పెడల్ కాలికింద టకటకా అదురుతుంది. మొదటిసారి ఆ అదురుకి భయపడి వాడు కాలు తీసేశాడు. నిజమైన అవసరంలో అలా తీస్తే ఎంత ప్రమాదమో చెప్పక్కర్లేదు. కాలు తియ్యకుండా, అదే సమయంలో స్టీరింగు తిప్పడం ఐదారుసార్లు చేయించాను. ఏబీఎస్ ఉన్నది ముఖ్యంగా ఆ తిప్పడం కోసమే.

ఇరవై గంటలయ్యాక లైటు మళ్ళీ పెట్టాను. ఇప్పుడు వాడు అద్దం చూస్తాడు, మెడ తిప్పుతాడు, చివరగా లైటు సంగతి గమనిస్తాడు. నేనూ అంతే. ముప్ఫై ఆరేళ్ళ వయసులో, పదహారేళ్ళవాడికి నేర్పుతూ మళ్ళీ నేర్చుకున్నాను.

వాడికి మొదటిసారే లైసెన్సు వచ్చింది. పోయిన నెల అక్కావాళ్ళింటికి భోజనానికి వెళ్తే బావగారు నామీద ఫిర్యాదు చేశారు. ఆయన కారు నడుపుతూ లేన్ మారినప్పుడల్లా, వెనక సీట్లోంచి వాడు "నాన్నా, తల!" అంటున్నాడట. ఆ రోజు దారంతా ఆయన మాట్లాడలేదని అక్క చెప్పింది. తల మాత్రం తిప్పుతున్నారట.